తెర పక్క నుంచి: మీ ప్రశ్నలు, ప్రాంప్టరు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో పద్యనాటకాల గురించి జవాబిస్తూ ‘జనాంతికం’ అనే మాట వాడి, అర్థం చెప్పకుండా ముందుకు సాగిపోయాను. దానికి శిక్షగా ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నాటక పరిభాష గురించే. ముప్పయ్యేళ్లు కాలేజీలో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నిర్వచనాలు వల్లించగలను. అయితే ఈ మాటలతో నా పేచీ అంతకన్నా పాతది. పదహారో ఏట మా ఊరి నాటక సమాజానికి ప్రాంప్టరుగా, లాంతరు ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని తెర పక్కన కూర్చున్న రాత్రి మొదలైంది. అందుకని నా జవాబులు కొంచెం ఆ పక్క నుంచే వస్తాయి, ఓర్చుకోండి.

స్వగతం, జనాంతికం, అపవారితం: మూడూ పక్కవాళ్లకు వినపడకుండా మాట్లాడటమే కదా, మూడు పేర్లెందుకు?
– డిగ్రీ విద్యార్థిని, నరసరావుపేట

అమ్మాయీ, ఎవరి చెవిన పడకూడదు అన్నదే తేడా. పదో శతాబ్దంలో ధనంజయుడు ‘దశరూపకం’లో ఈ లెక్క తేల్చి పెట్టాడు. రంగం మీదున్న అందరూ వినగలిగే మాట ప్రకాశం. ఎవరూ వినకూడనిది స్వగతం. దీన్నే ఆత్మగతం అని కూడా అంటారు. కొందరే వినవలసినది నియతశ్రావ్యం. జనాంతికం, అపవారితం ఈ మూడో గదిలోవి.

నలుగురూ నిలబడి ఉండగా ఇద్దరు తమలో తాము చెప్పుకునేది జనాంతికం. దీనికి చేతిముద్ర కూడా ఉంది: ఉంగరపు వేలు మడిచి తక్కిన వేళ్లు నిలబెడితే త్రిపతాకం, ఆ చేతిని మిగిలినవారికి అడ్డం పెట్టాలి. శాకుంతలం మొదటి అంకంలో దుష్యంతుడు ఎదురుగా ఉండగానే చెలికత్తెలు ‘ఎవరే ఈయన, ఇంత హుందాగా ఉన్నాడు’ అని గుసగుసలాడుకునేది ఇలాగే. అపవారితంలో పాత్ర పక్కకు తిరిగిపోయి, ఒకరి చెవిలో రహస్యం వేస్తుంది. పెళ్లిపందిట్లో వియ్యపురాలు ఎదురుగా ఉండగా అక్కాచెల్లెళ్లు చెయ్యడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటే జనాంతికం. ఒకామె రెండోదాన్ని స్తంభం చాటుకు లాక్కుపోతే అపవారితం. పరీక్షలో ఈ ఉదాహరణ రాయకు, మార్కులు పోతాయి.

ఇవి నటుడికి ఇచ్చే ఆజ్ఞలు, పలికే మాటలు కావు. ఈ చిన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఊళ్లో ఒక పౌరాణికంలో మంత్రి వేషం కట్టిన పెద్దాయనకు చదువు రాదు, విని కంఠస్థం చేసేవాడు. ఆ రాత్రి సరిగ్గా రాజు ప్రవేశించే సమయానికి మాట మరిచిపోయి నా వైపు చూశాడు. నేను కంగారులో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ‘స్వగతం’ అని అందించాను. ఆయన రెండడుగులు ముందుకు వేసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, హార్మోనియం శ్రుతికి గొంతు కలిపి ‘స్వగతం’ అంటూ చక్కటి రాగం తీశాడు. జనం దాన్ని ‘స్వాగతం’ అనుకుని చప్పట్లు కొట్టారు. రాజు కూడా నమస్కారం చేశాడు.

డాలస్‌లో చదువుకుంటున్న మా మనవరాలు హామ్లెట్ పాఠం గురించి చెబుతూ, సాలిలోక్వీని తెలుగులో ఏమంటారని ఫోనులో అడిగింది. స్వగతమని చెప్పాను. తప్పు చెప్పానా?
– ఒక అమ్మమ్మ, రాజమహేంద్రవరం

సగం ఒప్పు చెప్పారమ్మా. పదిమంది మధ్య ఒక పాత్ర మనసులో అనుకున్న మాటను ప్రేక్షకులకు మాత్రమే వినిపిస్తే ఇంగ్లీషు నాటకంలో దాన్ని ఎసైడ్ అంటారు. మన స్వగతానికి దగ్గరి చుట్టం అది. సాలిలోక్వీ వేరు. పాత్ర ఒంటరిగా, లేదా ఒంటరిగా ఉన్నాననుకుంటూ, తన ఆలోచననంతా పైకి చెప్పుకుంటుంది. బతకడమా, మానడమా అని హామ్లెట్ తర్కించుకునే ఘట్టంలో రాజూ అతని సలహాదారు పొలోనియస్సూ చాటునే దాగి ఉన్నారు. అతనికి మాత్రం ఆ సంగతి తెలియనట్టే ఆ మాటలు నడుస్తాయి. నేనైతే దాన్ని ‘ఏకాంత స్వగతం’ అంటాను.

మనవరాలికి తెలుగు ఉదాహరణ కావాలంటే కన్యాశుల్కం మొదటి పేజీ చదివి వినిపించండి. విజయనగరం బొంకులదిబ్బ మీద సాయంకాలం గిరీశం ఒంటరిగా నిలబడి, పూటకూళ్లమ్మ డబ్బు తానేం చేశాడో, ఇక ఊరు విడిచి పోక తప్పదని ఎందుకనుకుంటున్నాడో మనకు పూస గుచ్చినట్టు చెబుతాడు. హామ్లెట్‌ది చావు బతుకుల తర్కం. గిరీశంది అప్పులవాళ్ల నుంచి తప్పించుకునే తర్కం. పనిముట్టు మాత్రం ఒక్కటే.

అడగలేదు గానీ, ఇదే వరసలో ఇంకొకటి ఉంది: ఆకాశభాషితం. రంగం మీద లేని మనిషితో మాట్లాడుతూ, అతని జవాబును కూడా తానే తిరిగి పలకడం. ‘ఏమంటున్నావు? రాజుగారు ఊళ్లో లేరంటున్నావా?’ అన్న ధోరణి. ఒకే నటుడు నాటకమంతా నడిపే ‘భాణం’ అనే రూపకం పూర్తిగా దీని మీదే ఆధారపడింది. ఇది కృతకమని మా విద్యార్థులు నవ్వేవాళ్లు. ఇప్పుడు బస్సెక్కితే చాలు, ఫోను చెవిన పెట్టుకున్న ప్రతివాడూ ఆకాశభాషితమే చేస్తున్నాడు. ‘ఏమిటీ? మామయ్య రానన్నాడా?’ అని అవతలి మాటను మనకోసం తిరగజెప్పి మరీ.

పత్రికల్లో ‘నాంది పలికారు’, ‘పతాక సన్నివేశం’, ‘ఈ నేపథ్యంలో’ అని రోజూ చదువుతాను. ఇవన్నీ నాటకం మాటలేనా? సరిగ్గానే వాడుతున్నారా?
– బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, వరంగల్

మూడూ నాటకం మాటలే. మూడూ పుట్టింటి అర్థం వదిలేసి కాపురానికి వచ్చినవే.

నాంది అంటే మొదలు కాదు, నాటకానికి ముందు దేవతలను స్తుతిస్తూ ప్రేక్షకులకు ఆశీస్సు పలికే శ్లోకం. శాకుంతలం నాందిలో కాళిదాసు శివుడి ఎనిమిది రూపాలనూ చెప్పి, ఆయన మిమ్మల్ని కాపాడుగాక అంటాడు. సంస్కృత నాటకాల్లో ‘నాంద్యంతే సూత్రధారః’ అని ఒక సూచన కనిపిస్తుంది: నాంది అయ్యాక సూత్రధారుడు. ఆ తర్వాత అతను నటితోనో, సహచరుడితోనో నాలుగు మాటలు ఆడుతూ కవి పేరు, నాటకం పేరు చెప్పి కథలోకి జారవిడుస్తాడు, అది ప్రస్తావన. కాబట్టి వంతెనకు శంకుస్థాపన చేసిన మంత్రిగారు నాంది ‘పలికారు’ అంటే, ఆయన కనీసం ఒక శ్లోకమైనా చదివి ఉండాలి.

నేపథ్యం అంటే తెర వెనుక వేషాలు కట్టుకునే చోటు, ఆ వేషధారణ కూడా. ‘నేపథ్యంలో’ అని రాస్తే తెర వెనుక నుంచి ఒక గొంతు వినపడుతుందని అర్థం. సినిమావాళ్లు నేపథ్య గాయకుడు అన్నప్పుడు చక్కగా వాడారు. పాడేవాడు నిజంగానే తెర వెనుక ఉంటాడు. ‘ధరలు పెరిగిన నేపథ్యంలో’ అన్నప్పుడు తెరా లేదు, వేషమూ లేదు.

నాకు నిజంగా తగువున్నది పతాకతోనే. మన సినిమా సమీక్షల్లో పతాక సన్నివేశమంటే పతాకస్థాయికి చేరిన చివరి ఘట్టం. శాస్త్రంలో పతాక అంటే ప్రధాన కథకు తోడుగా చాలా దూరం నడిచే ఉపకథ. రాముడి కథలో సుగ్రీవుడి కథ పతాక. శబరి ఘట్టంలా కాస్త కనిపించి ముగిసిపోయేది ప్రకరి. జెండా ఎత్తున ఎగురుతుంది కదా అని ఎవరో కొత్త అర్థం కట్టారు, అది నిలిచిపోయింది. ఇక దాన్ని మార్చలేం. నాటక శాస్త్రం చదివేటప్పుడు మాత్రం సమీక్షను పక్కన పెట్టండి.

మీది వరంగల్ కాబట్టి ఒక మాట. ఈ లక్షణాలన్నీ ఉదాహరణలతో నేర్పడానికి కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో ఉన్న విద్యానాథుడు తన అలంకార గ్రంథంలోనే ఆ రాజు మీద ఒక నమూనా నాటకం రాసి చేర్చాడు. ఆ గ్రంథం పేరు ప్రతాపరుద్రీయం. వేదం వేంకటరాయ శాస్త్రిగారి తెలుగు నాటకం పేరు కూడా అదే. ఒకటి అడిగి రెండోది ఇంటికి తెచ్చుకోకండి.

విష్కంభానికీ ప్రవేశకానికీ తేడా ఎంత చదివినా గుర్తుండటం లేదు. దారి చెప్పండి.
– పోటీ పరీక్షల అభ్యర్థి, కర్నూలు

నాయనా, నిర్వచనం మరిచిపోయి జాలరిని గుర్తుపెట్టుకో.

శాకుంతలం ఆరో అంకానికి ముందు ఇద్దరు రక్షకభటులు ఒక జాలరి చేతులు కట్టి తీసుకొస్తారు. రాజముద్ర ఉన్న ఉంగరం నీకెక్కడిదని గద్దిస్తారు. చేప కడుపులో దొరికిందంటాడు వాడు. పై అధికారి ఉంగరం తీసుకుని రాజు దగ్గరికి వెళ్తాడు. ఈలోగా భటులు వాణ్ణి ఎలా చంపుతారో వర్ణించి సరదాపడుతుంటారు. అధికారి తిరిగి వచ్చి, రాజుగారు బహుమానం ఇచ్చారంటాడు. జాలరి అందులో సగం భటులకు ఇవ్వగానే అందరూ స్నేహితులైపోయి కలిసి సారాకొట్టుకు బయల్దేరుతారు. ఈ చిన్న ఘట్టం ప్రవేశకం. పాత్రలన్నీ కింది తరగతివి, మాటలన్నీ ప్రాకృతం. ఉంగరం దొరికింది, రాజుకు ఏదో గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి అన్న రెండు వార్తలు మనకు చేరవేయడమే దాని ఉద్యోగం.

విష్కంభం ఉద్యోగమూ అదే: జరిగిపోయినదీ, జరగబోయేదీ చెప్పడం. అక్కడ మధ్యమ పాత్రలుంటాయి, కింది పాత్రలు కలిసినా కలవవచ్చు. మూడో అంకం ముందు దర్భలు పట్టుకుని వచ్చే కణ్వుడి శిష్యుడిది విష్కంభం. నాలుగో అంకం ముందు చెలికత్తెలు పూలు కోస్తుండగా దుర్వాసుడి శాపం వినిపించేదీ విష్కంభమే. విష్కంభం మొదటి అంకానికి ముందు కూడా రావచ్చు. ప్రవేశకం ఎప్పుడూ రెండు అంకాల మధ్యనే.

దుర్వాసుడు అసలు రంగం మీదికే రాడని గమనించావా? గొంతు మాత్రం నేపథ్యం నుంచి వస్తుంది. అలా తెర వెనుక నుంచి సంగతి తెలియజేయడం చూళిక. కథ మొత్తాన్ని తలకిందులు చేసే శాపాన్ని కాళిదాసు తెర వెనుక ఉంచి, చేపలు పట్టేవాణ్ణి తెర ముందుకు తెచ్చాడు. నాకు ఆ నాటకంలో అన్నిటికన్నా ఇష్టమైన తెగువ అదే. రంగం మీద చూపని సంగతులను ఇలా తెలియజేసే పద్ధతులను అర్థోపక్షేపకాలు అంటారు; అంకాస్యం, అంకావతారం కూడా కలిపితే అవి ఐదు. ఆ రెండూ అంకాన్ని అంకానికి అతికించే పద్ధతులు; పరీక్షకు పేర్లు తెలిస్తే చాలు.

ఒక పాత్ర మామూలుగా మాట్లాడుతూ ఉన్నట్టుండి పద్యం అందుకోవడం అసహజంగా అనిపించదా? షేక్‌స్పియర్ కూడా పద్యంలోనే రాశాడు గానీ ఎవరూ రాగం తీయరు కదా.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు ముడిపడ్డాయి. ఛందస్సు ఒకటి, రాగం ఒకటి.

షేక్‌స్పియర్ ఎక్కువగా వాడిన బ్లాంక్ వర్స్‌లో పాదానికి సుమారు పది అక్షరాలు, ఐదు ఊనికలు ఉంటాయి, పాదాల చివర ప్రాస ఉండదు. ఆ నడక ఇంగ్లీషు మాట నడకకు దగ్గర కాబట్టి సంభాషణ అంతా అందులో నడిపించవచ్చు. పనివాళ్లకూ, హాస్యగాళ్లకూ, మతి చలించినవాళ్లకూ చాలాచోట్ల వచనం ఇచ్చాడు. సంస్కృత నాటకంలో రాజుకు సంస్కృతం, పరిచారకులకు ప్రాకృతం ఇచ్చినట్టే అనుకోండి, కొంతవరకు.

మన పద్యనాటకం పేరుకే పద్యం, కథ నడిచేది వచనంలోనే. వాదం బిగిసినప్పుడు, కోపమో దుఃఖమో పట్టలేనప్పుడు, పాత్ర పద్యంలోకి ఎక్కుతుంది. ఎక్కడం అసహజంగా ఉందో లేదో కవి చేతిలో ఉంటుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో కృష్ణుడు నిద్ర లేచి దుర్యోధనుణ్ణి పలకరించే పాదం చూడండి:

బావా యెప్పుడు వచ్చితీవు సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్

అరుగు మీద కాళ్లు కడుక్కుంటున్న బావగారిని మన ఇళ్లల్లో ఏమని అడుగుతారో అదే మాట, అదే వరసలో. అయినా గణాలు వేసి చూస్తే మ స జ స త త గ, నిఖార్సయిన శార్దూలం, పందొమ్మిది అక్షరాలు. పదమూడో అక్షరం దగ్గర యతి: మొదటి ‘బా’కు ‘భ్రా’ జవాబు చెబుతుంది. ప్రాస రెండో అక్షరం, ఇక్కడ ‘వ’. తర్వాతి పాదాలు ‘నీ వా’, ‘మీ వం’, ‘దేవుల్’ అని మొదలవుతాయి. ఇంగ్లీషు ప్రాస పాదం చివర ఉంటే మనది తలవాకిట్లోనే ఉంటుంది.

యతిప్రాసలు కవులకు సంకెళ్లని చాలామంది రాశారు. ప్రాంప్టరుగా నా అనుభవం వేరు. కృష్ణుడు రెండో పాదం మరిచిపోతే ‘నీ వా’ అని రెండక్షరాలు అందిస్తే చాలు, పాదమంతా దానంతటదే వచ్చేది. వచనం మరిచిపోయినవాడికి మాత్రం వాక్యం వాక్యమంతా ముందు వరసకు వినపడేలా అరవాల్సి వచ్చేది.

రాగం సంగతి వేరు. అది కవి రాసింది కాదు, నటుడూ హార్మోనిస్టూ కలిసి కట్టుకున్నది. పద్యం ఆఖరున ఆలాపన ఎంతసేపు సాగాలన్నది జనం ‘వన్స్ మోర్’ మీద ఉండేది. రాయబారం మధ్యలో కృష్ణుడు ఒకే పద్యం మూడుసార్లు పాడితే కౌరవ సభ అంతా గదలు దించి కూర్చోవడం నేను చూశాను. అది నాటకానికి చేటన్న విమర్శతో నేను ఏకీభవిస్తాను. ఏకీభవిస్తూనే నాలుగోసారి వన్స్ మోర్ అని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, చాలామంది అడిగారు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్రలో కాటి సీను అనగానే అందరికీ గుర్తొచ్చే శ్మశానం పద్యాలు జాషువావి. ఆ నాటకం కోసం రాసినవి కావు, ఆయన ఖండకావ్యంలోవి. నటులు తెచ్చి కలిపారు, జనం ఒప్పుకున్నారు. మూలంలో లేక తర్వాత చేరిన దాన్ని ప్రక్షిప్తం అంటారు. సాధారణంగా ఆ మాటలో కొంచెం నింద ఉంటుంది. ఇక్కడ ఆ నింద నిలవదు.

పాత్రకు తెలియని ప్రమాదం ప్రేక్షకుడికి ముందే తెలిసి గుండె దడదడలాడే సన్నివేశానికి మన దగ్గర పేరు ఉందా?
– నాటకాభిమాని, తెనాలి

ఇప్పటి విమర్శకులు నాటకీయ వ్యంగ్యం అంటున్నారు. పాత శాస్త్రంలో సరిగ్గా అంత విస్తృతమైన పేరు కాదు గానీ, పతాకస్థానం అని ఒకటుంది: ఒక విషయం గురించి అన్న మాటకు అనుకోని చోటి నుంచి ఇంకేదో మాట తగిలి, రాబోయేది తొంగిచూడటం. భట్టనారాయణుడి వేణీసంహారం రెండో అంకంలో దుర్యోధనుడు భార్య భానుమతిని తన తొడల మీద కూర్చోమని బతిమాలుతుంటాడు. ‘నా తొడలు’ అన్న మాట నోట్లో ఉండగానే కంచుకి, అంటే అంతఃపుర అధికారి, పరుగెత్తుకొచ్చి, ‘దేవా, విరిగింది, విరిగింది’ అంటాడు. ఎవరి వల్ల? ‘భీముడి వల్ల.’ తీరా చూస్తే భీమం అంటే భయంకరమైన గాలి, విరిగింది రథం మీది జెండా. రాజు ఊపిరి పీల్చుకుంటాడు. భారతం తెలిసిన మనం పీల్చుకోలేం. పతాకస్థానంలో విరిగినది కూడా పతాకే కావడం కవి కొంటెతనమని నా అనుమానం.

మా హైస్కూలు పిల్లలతో చిన్న పద్యనాటకం వేయిస్తున్నాం. నాంది, అంకాలు, భరతవాక్యం తప్పనిసరిగా ఉండాలా?
– ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

అక్కర్లేదమ్మా. కన్యాశుల్కంలో నాందీ లేదు, ప్రస్తావనా లేదు. తెర తీయగానే గిరీశమే. అంకం నాటకంలో పెద్ద భాగం, రంగం అందులో చోటో సమయమో మారినప్పుడల్లా వచ్చే చిన్న భాగం. గురజాడ రంగానికి ‘స్థలము’ అని రాసుకున్నారు. అరగంట నాటకానికి అంకాల గొడవ వద్దు, మూడు రంగాలు చాలు. భరతవాక్యం కథ ముగిశాక లోకమంతా చల్లగా ఉండాలని నటుడు పలికే ఆశీస్సు. అది మాత్రం పెట్టండి. పిల్లలందరూ ఒకేసారి రంగం మీదికి రావడానికి అంతకన్నా మంచి సాకు దొరకదు, వెనక వరసలో సైనికుల వేషం వేసినవాళ్ల తల్లిదండ్రులకు కూడా తృప్తిగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. ప్రాంప్టింగుకు కూర్చోబెట్టే పిల్లవాడి పుస్తకంలో స్వగతం, ప్రకాశం, నిష్క్రమించును లాంటివన్నీ ముందే ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఇవ్వండి. ఎర్రవి చూడాలి, నల్లవి అందించాలి అని రెండుసార్లు చెప్పండి. నాకు ఎవరూ చెప్పలేదు.